నా మాట నమ్మిన సుగుణమ్మ టీచరు

నిన్న పక్కింటివాళ్లు ఆరేసిన చీర నుంచి గంజి వాసన వచ్చింది. సుగుణమ్మ టీచరు గుర్తుకొచ్చారు. హనుమకొండలోని మా ఆడపిల్లల బడిలో ఐదో తరగతి చెప్పేవారు. గంజి పెట్టిన తెల్ల నూలు చీర కట్టి, ప్రతి ఆదివారం చర్చికి నడిచి వెళ్లేవారు. ఆమె గొంతు పెంచి మాట్లాడగా నేనెన్నడూ వినలేదు.

అరవైల మొదట్లో సంగతి. మాకు బట్టల దుకాణం ఉండేది. ఇంటికొచ్చి లెక్కలు చెప్పే మాస్టారు, మేడగదిలో నాతో చేయరాని పనులు చేసేవాడు. చెప్పినా నిన్నెవరూ నమ్మరనేవాడు. నిజమే అనుకున్నాను. బడి విడిచాక ఇంటికి పోకుండా వరండాలోనే కూర్చునేదాన్ని. మూడో రోజు టీచరు వచ్చి నా పక్కనే నేలమీద కూర్చున్నారు. నోటుపుస్తకాలు దిద్దుకుంటూ ఉండిపోయారు. చివరికి నేనే ముక్కలు ముక్కలుగా చెప్పాను.

"నువ్వు చెప్పింది నమ్ముతున్న బిడ్డా. ఇందుల నీ తప్పు ఏం లేదు," అన్నారు.

ఆ సాయంత్రమే నాతో మా ఇంటికొచ్చారు. ఆమె చెప్పిందంతా నాన్న విన్నారు.

"బయటికి తెలిస్తే రేపు పిల్లకు లగ్గం అయితదా, టీచరమ్మా?"

"ఆయన ఇంకా రెండిండ్లల్ల చదువు చెప్తాండు అన్నా. ఆ పిల్లల సంగతేంది?"

తలుపు వెనక నుంచి అమ్మ, ఆమె చెప్పినట్టు చెయ్యమంది. పరాయివాళ్ల ముందు అమ్మ నోరు విప్పడం అదే మొదటిసారి.

నాన్న, టీచరు కలిసి ఠాణాకు వెళ్లారు. అక్కడ జమాదారు, ఇంట్లోనే సర్దుకొమ్మన్నాడట. ఎస్సై వచ్చి ఫిర్యాదు రాసుకునేదాకా టీచరు బెంచీ మీది నుంచి లేవలేదట. నాన్న సంతకం చేశారు. తర్వాత మరో ఇంటివాళ్లూ ముందుకొచ్చారు. కోర్టులో నేను మాట్లాడినంతసేపూ టీచరు నాకు కనబడేలా కూర్చున్నారు. అతనికి జైలు పడింది. ఇంటి గుట్టు బజారుకీడ్చిందని కొందరు తమ పిల్లలను ఆమె తరగతి మాన్పించారు. మిగిలినవాళ్లకు ఆమె ఎప్పటిలాగే పాఠం చెప్పారు.

ఇలాంటిది తెలిసినవాళ్లు ఫిర్యాదు చేసి తీరాలని ఇప్పుడు చట్టం ఉంది. ఆనాడు ఆమెను వెళ్లమన్నవాళ్లెవరూ లేరు. నేనూ టీచరునయ్యాను. ఒక పాప కోసం మొదటిసారి ఠాణా మెట్లెక్కినప్పుడు సగంలో ఆగిపోయాను. అప్పుడే తట్టింది, ఆమెకూ ఆ రోజు భయం వేసే ఉంటుందని. అయినా వెళ్లారు. నేనూ వెళ్లాను.