ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు

మేము లెక్కలవాళ్ళం. ఊరి పేరు బయటపెట్టకూడదు, మనుషుల అసలు పేర్లు చెప్పకూడదు. అందుకని ధర్మపురి దగ్గర ఒక ఊరనుకోండి, ఆమె పేరు ప్రవళిక అనుకోండి. మిగతాదంతా జరిగింది జరిగినట్టే చెబుతాను.

నేను కరీంనగర్‌లో ఒక చిన్న ఆఫీసులో కూర్చుని, ఊళ్ళలోంచి వచ్చే సర్వే జవాబులు సరిచూసి పట్టికలు వేసే మనిషిని. మా సర్వే పిల్లల గురించి. జనాభా లెక్కలు ఇంటిని పట్టుకుని పోతాయి. ఇళ్ళెన్ని, ఇంట్లో మనుషులెందరు, పెంకుటిల్లా స్లాబా, నల్లా ఉందా లేదా. మేము అదే లెక్కను పిల్ల వైపు నుంచి తిరగేసి చూస్తాం. ఈ పిల్ల ఎవరి పక్కలో పడుకుంటుంది, తండ్రి ఇంట్లో ఉన్నాడా దుబాయ్‌లో ఉన్నాడా, చదువుకోవడానికి వెలుతురు ఉందా, బడి నుంచి వచ్చేసరికి తలుపు తీసేదెవరు. రెండిటికీ తేడా ఏముందని పెద్ద పెద్దవాళ్ళే అడుగుతారు. నాకు ఒళ్ళు మండుతుంది. ఇళ్ళను లెక్కపెడితే, మగమనిషి గల్ఫ్‌కు పోయిన ఇళ్ళు ఊళ్ళో ఏ నాలుగో వంతో తేలతాయి. పిల్లల్ని లెక్కపెడితే, నాన్న దూరంగా ఉన్న పిల్లలు సగం దాకా తేలతారు. ఎందుకంటే పిల్లలున్నది ఎక్కువగా ఆ ఇళ్ళలోనే. ఊరు ఒకటే, ఎవరి వైపు నుంచి చూస్తున్నామన్నదే తేడా.

ప్రవళిక మా దగ్గర ఇంటింటికీ తిరిగే మనిషి. ముప్పై రెండేళ్ళు ఉంటాయి. స్కూటీ మీద వస్తుంది, గడప దగ్గర చెప్పులు విడిచేలోపే ఆ ఇంటి ఆడవాళ్ళు చాప పరుస్తారు. పదిహేనేళ్ళు ఊళ్ళు తిరిగిన నాతో తలుపు సందులోంచి మాట్లాడిన ఆడవాళ్ళే, ఆమెకు చాయ్ పోసి అత్తల సంగతులన్నీ చెబుతారు. అందుకు నాకు ఆమె మీద కొంచెం కుళ్ళు ఉంది, దాచుకోను.

కానీ కుళ్ళంటే ఏమిటో చూడాలంటే ప్రవళిక ఇంటికి పోవాలి. ఆమె భర్త లక్ష్మణ్ మస్కట్‌లో ఉంటాడు. బావ పరశురాములు సౌదీలో. ఇంట్లో ఉండేది అత్త బుచ్చవ్వ, ప్రవళిక, ఆమె తొమ్మిదేళ్ళ కూతురు రిషిత, యారాలు బాలలక్ష్మి. తోటికోడలిని మా వైపు యారాలంటాం. బాలలక్ష్మికి పిల్లలు కలగలేదు. వేములవాడ రాజన్న గుళ్ళో కోడెను కట్టి మొక్కింది, కరీంనగర్ దవాఖానాల చుట్టూ తిరిగింది, చివరికి రెండూ మానేసి వాకిట్లో కూర్చుని బీడీలు చేసుకుంటోంది. రిషితకు ఏడాది నిండగానే ప్రవళిక పనికి బయలుదేరితే, పిల్లను ఒళ్ళోకి తీసుకున్నది బాలలక్ష్మే.

ప్రవళికకు అది మంచిదే అయింది, మంటా అయింది. సాయంత్రం జగిత్యాల నుంచి కోవా తెస్తే రిషిత సగం విరిచి పెద్దమ్మ దగ్గరికి పరుగెత్తుతుంది. తండ్రి ఫోన్ చేస్తే పెద్దమ్మ ఒళ్ళో కూర్చునే మాట్లాడుతుంది. జడ పెద్దమ్మే వేయాలి. ఒకరోజు పాపిట వంకరపోయిందని ప్రవళిక ఆ జడ విప్పి మళ్ళీ వేసింది. పాపిట వంకర పోలేదు, అది పిల్లకూ తెలుసు. ఏడుస్తూ బడికి పోయింది. ఆ రోజు ప్రవళిక ఎనిమిది ఇళ్ళు చేసింది, ఎనిమిది ఇళ్ళలోనూ పిల్లల జడలే చూసిందట.

ఆమెను అన్నిటికంటే ఎక్కువగా కోసింది మా సర్వేలోని ఒక ప్రశ్న. పిల్ల బాగోగులు ముఖ్యంగా చూసేది ఎవరు? ఒక్కరి పేరే చెప్పాలి. తల్లి, తండ్రి, నానమ్మ లేదా అమ్మమ్మ, ఇతర బంధువు. తల్లి ఇంట్లో ఉండి కూడా 'ఇతర బంధువు' అని జవాబు వచ్చిన పిల్లలకు నా పట్టికలో విడిగా ఒక గడి ఉంటుంది. అలాంటి జవాబు తెచ్చిన ప్రతిసారీ ప్రవళిక, "పాపం సార్, గా తల్లి" అనేది. పిల్లను ఎప్పుడూ పాపం అనలేదు.

ఈసారి ఎంపికలో ప్రవళిక ఊరు వచ్చింది. జనాభా జాబితా తీసి ఇన్ని ఇళ్ళకు ఒకటని ఎంచుకుంటూ పోతే, ప్రవళిక ఇల్లే వచ్చింది. సొంత ఊరిని సొంత మనిషికి ఇవ్వం. ఆ ఊరిని క్యాథరిన్‌కు ఇచ్చాను. క్యాథరిన్ మంచిర్యాల వైపు అమ్మాయి, చర్చిలో పాటలు పాడుతుంది, ప్రశ్నలు కూడా పాటలాగే చదువుతుంది. జాబితాలో తన ఇంటి నంబరు చూసి ప్రవళిక ముఖం మాడిపోయింది. ఇంటి పెద్దగా జవాబు చెప్పేది బుచ్చవ్వ, ఆమె బాలలక్ష్మి పేరే చెబుతుంది. తన కూతురు ఆ 'పాపం' గడిలోకి పోబోతోంది.

మా లెక్కలో కుటుంబం అంటే చుట్టరికం కాదు, పొయ్యి. ఒక పొయ్యి మీద వండింది తినేవాళ్ళంతా ఒక కుటుంబం. ఒకే కప్పు కింద రెండు పొయ్యిలు వెలిగితే రెండు కుటుంబాలు. ఇది ప్రవళికకు నిద్రలో అడిగినా చెప్పగలిగిన నియమం. క్యాథరిన్ బుధవారం వస్తుందనగా ఆదివారం నాడు ధర్మపురి బజారుకు పోయి చిన్న సిలిండర్, ఒంటి పొయ్యి కొనుక్కొచ్చింది. తన గదిలో మూలన పెట్టి అన్నం, టమాట కూర వండింది. రిషితను పిలిచి పెట్టింది. ఇక ఆ పొయ్యి కుటుంబంలో ఉన్నది తల్లీ కూతుళ్ళే. పిల్లను చూసేది ఎవరంటే ఇంకో పేరు వచ్చే దారే లేదు. బుధవారం దాటాక పొయ్యి అటక మీద పెట్టేద్దామనుకుంది.

ఊళ్ళో పొయ్యి వేరు చేయడమంటే స్టౌ కొనుక్కోవడం కాదు, వేరుపడటం. పెద్దమనుషులు కూర్చుని పొలం, బర్రెలు, గిన్నెలు పంచాక వెలుగుతుంది రెండో పొయ్యి. ఇది ఆ ఊరి కోడలికి తెలియదా? తెలుసు. కానీ రోజూ ఇంటింటికీ పోయి పొయ్యి గురించి అడిగి అడిగి, ఆమెకు పొయ్యి ఒక ప్రశ్నగానే మిగిలింది.

బుచ్చవ్వ గదిలోకి తొంగి చూసి, వెలుగుతున్న మంట చూసి, గడపలోనే కూలబడింది. "ఏం తక్కువ జేసినమే నీకు? నా కండ్లు మూసినంక వేరు పడకపోతిరా!" అని ఏడ్చింది. ఇద్దరు కొడుకులకూ ఫోన్ చేయించింది. లక్ష్మణ్ మస్కట్ నుంచి అరిచాడు. "ఆస్తి పంచుకుందామంటున్నవా? అన్నకు నేను ఏం మొకం సూపియ్యాలె?" ప్రవళిక అసలు సంగతి చెప్పలేకపోయింది. సర్వే కోసం పొయ్యి పెట్టానని చెబితే నవ్వుతారు. యారాలి పేరు రాకూడదని పెట్టానని చెబితే ఊస్తారు. "నాలుగొద్దులు ఆగు, అన్నీ చెప్త" అని ఫోన్ పెట్టేసింది.

బాలలక్ష్మి మాత్రం లోపలికి పోయి పచ్చడి జాడీలోంచి సగం వేరే గిన్నెలోకి తీసింది. కారం సగం, పసుపు సగం, డబ్బాలోని బియ్యం సగం. అన్నీ తెచ్చి ప్రవళిక గది ముందు పెట్టింది. మళ్ళీ పోయి రిషిత పళ్ళెం, గ్లాసు, బడి బట్టలు, కొబ్బరినూనె సీసా, రెండు రిబ్బన్లు తెచ్చి పెట్టింది. వాటిలో సగం చేయడానికి ఏమీ లేదు.

గెలిచానని ప్రవళిక సంతోషించాలి కదా. కడుపు ఇంకా మండింది. ఇంత సులువుగా ఇచ్చేసిందేం, అంటే పిల్ల తనదన్నంత ధీమానా అని. రెండు రోజులు రిషిత తల్లి వండింది తిన్నది. మూడో రోజు పళ్ళెం ముందు కూర్చుని, "పెద్దమ్మ తావున పచ్చిపులుసు చేసిన్రా మమ్మీ?" అని అడిగింది. ప్రవళిక పిల్ల వీపు మీద ఒక్కటి వేసింది.

బుధవారం క్యాథరిన్ వచ్చింది. రెండు పొయ్యిలు చూసింది. తనకు తెలిసిన ఇల్లే అయినా, నియమం నియమమే, రెండు కుటుంబాలుగా పెట్టింది. ముందు బుచ్చవ్వనూ బాలలక్ష్మినీ వాకిట్లోనే కూర్చోబెట్టుకుంది.

"మీ కుటుంబంల పద్దెనిమిదేండ్ల లోపు పిల్లలు ఎందరున్నరు పెద్దమ్మా?"

బాలలక్ష్మి ప్రవళిక గది వైపు చూసింది. ఒళ్ళో చాటలో తునికాకు కత్తిరిస్తున్న చేయి ఆగింది.

"లేరు" అంది.

"ఎవ్వరూ?"

"లేరంటి గద బిడ్డా."

తర్వాత క్యాథరిన్ ప్రవళిక గదిలోకి వచ్చింది. పిల్ల బాగోగులు చూసేది ఎవరు? తల్లి. ప్రవళిక ఆ జవాబు ఎంత గట్టిగా చెప్పిందంటే వాకిట్లోకి వినిపించింది. అక్కడితో అయిపోయిందనుకుంది. కానీ ఎనిమిదేళ్ళు దాటిన పిల్లలను మేము నాలుగు ప్రశ్నలు విడిగా అడుగుతాం. పెద్దవాళ్ళు పక్కనుంటే పిల్లలు వాళ్ళ ముఖం చూసి జవాబు చెబుతారు. ఎందరో తల్లులను ఈ ప్రశ్నల కోసం బయటికి పంపిన మనిషి ప్రవళిక.

"అక్కా, జర అవుతలికి పోతవా? నీకు తెల్వనిదేముంది" అంది క్యాథరిన్.

ప్రవళిక బయటికి వచ్చింది, తలుపు పడింది. నిలబడేందుకు వేరే చోటు లేదు. పోయి బాలలక్ష్మి పక్కనే అరుగు మీద కూర్చుంది. ఇద్దరి చెవులూ తలుపు దగ్గరే ఉన్నాయి. లోపలి మాటలు వినిపించడం లేదు.

"ఏమడుగుతుండ్రు?" అంది బాలలక్ష్మి.

"జరమొస్తె ఎవరు సూస్తరు, దుఃఖమొస్తె ఎవరికి చెప్పుకుంటవ్, గట్లాంటియి." ఆ తర్వాత ప్రవళిక నోరు ఊరుకోలేదు. "నీ పేరే చెప్తది తియ్యి. ఇగ సంబురపడు."

బాలలక్ష్మి చాట పక్కన పెట్టింది. "నీ మీద నాకెంత మంట ఉన్నదో నీకు ఎర్కేనా సెల్లె?" అంది.

ప్రవళిక తిరిగి చూసింది.

"దినమంత నేనే సూస్త. నాలుగు ముద్దలు తినిపిస్త, ఐదో ముద్ద చేతుల పట్టుకుంట. గప్పుడే నీ బండి సప్పుడైతది. మమ్మీ వచ్చె అని ఉరుకుతది. గా ముద్ద నా చేతులనే ఉంటది. ఎనిమిదేండ్ల సంది గంతే. ఒక్కనాడన్న నీ బండి ఖరాబ్ కావాలె, ఒక్క పొద్దన్న నువ్వు రావద్దని ఎన్నిసార్లు మొక్కిన్నో. నువ్వేమో నాకు పొయ్యి వేరు పెట్టినవ్."

ప్రవళిక తన మీద కూడా కళ్ళలో నిప్పులు పోసుకునే మనిషి ఉందని, అదీ ఆ మనిషే అని ఎన్నడూ అనుకోలేదట.

తలుపు తెరుచుకుంది. రిషిత ముక్కు ఎగబీలుస్తూ వచ్చింది. "గా ఆంటీ ఒక్కల పేరే చెప్పుమంటది. ఒక్కల పేరు చెప్తె మీరు మళ్ళ కొట్లాడుతరు. నేను తెల్వదన్న" అని ఇద్దరి మధ్యా చోటు చేసుకుని కూర్చుంది.

క్యాథరిన్ పోయాక బాలలక్ష్మి లేచి, "గా సిలిండర్ బంద్ చెయ్యి. రెండు తావుల అన్నం దేనికి" అంది. ఆ సాయంత్రం పచ్చడి జాడీలోకి, కారం డబ్బాలోకి, బియ్యం డబ్బాలోకి తిరిగి వచ్చాయి. బుచ్చవ్వ మళ్ళీ ఇద్దరు కొడుకులకూ ఫోన్ చేయించింది.

మరునాడు పొద్దున్నే ప్రవళిక నా టేబుల్ ముందు నిలబడింది.

"సార్, మా ఇంటి లెక్క మార్చుండ్రి. ఒకటే కుటుంబం సార్ మాది. మా అక్క తావున పిల్లలు లేరని పడ్డది."

"నిన్న రెండు పొయ్యిలు వెలిగినయా లేదా?"

"వెలిగినయి. కడుపుమంటకు పెట్టిన సార్ నేను."

"కడుపుమంటకు నా దగ్గర గడి లేదమ్మా" అన్నాను. వెటకారానికి అన్న మాట కాదు. అడిగిన రోజు ఏది ఉంటే అదే మా లెక్క. మా మనుషుల ఇళ్ళకు ఒక రకం, ఊరి ఇళ్ళకు ఇంకో రకం చేస్తే నా పట్టికలన్నీ గోదాట్లో వేయొచ్చు. నేను మార్చలేదు. ఆ ఊరి పట్టికలో ఇప్పటికీ ఒక కుటుంబం ఉంది, ఇద్దరు ఆడవాళ్ళు, పిల్లలు సున్నా.

మళ్ళీ వారం ఆఫీసుకు వచ్చినప్పుడు ప్రవళిక మిగతాది చెప్పింది. ఆ రోజు ఇంటికి పోయేసరికి బాలలక్ష్మి అరుగు మీద కూర్చుని రిషితకు జడ వేస్తోంది. తలెత్తకుండానే అడిగిందట.

"సార్‌ను అడిగినవా? నా తావున ఏమని రాసిండ్రు? లేరని నా నోటితోనే అంటి. గప్పటి సంది ముద్ద దిగుతలేదు."

ఊళ్ళ మీద పడి నిజాలు రాబట్టే ప్రవళిక, స్కూటీకి స్టాండు వేస్తూ, "మార్పిచ్చినక్కా. ఒక్కతున్నదని రాసిండ్రు" అంది.

"పేరు గూడ రాసిండ్రా?"

"రాసిండ్రు. రిషిత అని."

బాలలక్ష్మి రిబ్బను ముడి వేసి, చెంగుతో ముఖం తుడుచుకుని నవ్వింది. ఆ నవ్వు చూసి పిల్ల వెనక్కి తిరిగి పెద్దమ్మ మెడ చుట్టూ చేతులు వేసింది. ఆ రోజు స్కూటీ చప్పుడు విన్నా లేచి రాలేదు.

"గప్పుడు మళ్ళ మండింది సార్" అంది ప్రవళిక. "నేనే ఇచ్చిన, నాకే మండింది."