పోపులపెట్టెలో రోటర్

నా చిన్నప్పుడు జగ్గయ్యపేటలో మా ఇంటి వెనక కొట్టంలో ఒక నల్ల కారు ఉండేది. మా తాతయ్య కొన్నదట. ఆయన పోయాక దాన్ని ఎవరూ బయటికి తియ్యలేదు. వెనక సీట్లో కోళ్ళు గుడ్లు పెట్టేవి, ముందు సీట్లో మిరపకాయల గోతాలు ఉండేవి. ఈమధ్య పాత కార్లు బాగుచేసుకుని ఫోన్లో వీడియోలు పెడుతున్నారు కదా, మా మనవడు అవి నాకు చూపిస్తుంటాడు. చూసినంతసేపూ ముచ్చటగానే ఉంటుంది. ఆ తర్వాత ఒళ్ళు మండుతుంది.

ఆ కారుని మళ్ళీ నడిపించాలని మా నాన్నకి బుద్ధి పుట్టింది. ఆయనకి తుడవటం, మెరిపించటం తప్ప ఇంజన్ గురించి ఓనమాలు తెలియవు. తెలిసింది ఆయన స్నేహితుడికి. హైస్కూల్లో ఇద్దరిదీ ఒకే బెంచీ. ఊరి చివర చర్చి వెనక ఇళ్ళల్లో ఉండేవాడు, లేత్ షాపులో పని. నేను లేత్ మావయ్య అనేదాన్ని. ఏడాది పాటు ప్రతి ఆదివారం ప్రార్థన అయిపోగానే మా ఇంటికి వచ్చేవాడు. తుప్పు పట్టి బిగుసుకుపోయిన ఇంజన్లో ఆముదం, కిరసనాయిలు పోసి వారం రోజులు నానబెట్టాడు. ఎక్కడా దొరకని సామాను లేత్ మీద తనే చేసుకొచ్చాడు. రంగులు మాత్రం ఇంకో స్నేహితుడు, మా డ్రాయింగు మాస్టారు, వేశాడు.

మొదట్లో లేత్ మావయ్య టీ గ్లాసు అరుగు చివర విడిగా ఉండేది. అలా పెట్టింది మా నాయనమ్మే, అబద్ధం చెప్పను. ఎప్పుడు మానేసిందో తెలియదుగానీ, వానాకాలం వచ్చేసరికి ఆయన వంటింటి గుమ్మంలో కూర్చుని ఆమెతో కబుర్లు చెబుతూ అందరి గ్లాసుల్లోదే ఒకటి తీసుకుని తాగేవాడు.

కారు స్టార్టవడం మొదలయ్యాక వీధిలో కుర్రాళ్ళు ఎక్కి తిప్పుతారని, వెళ్ళేముందు ఇంజన్లోంచి రోటర్ తీసి నాయనమ్మ చేతికిచ్చేవాడు. బొటనవేలంత నల్లటి ముక్క అది. అది లేకపోతే ప్లగ్గులకి కరెంటు అందదు, ఎంత తిప్పినా బండి కదలదు. నాయనమ్మ దాన్ని పోపులపెట్టెలో ఆవాల పక్కన దాచేది. పెట్టడం, తియ్యడం చూసి చూసి ఆమెకి కూడా వచ్చేసింది.

పూజ రోజు వచ్చింది. నందిగామ నుంచి పెద్దనాన్న, ఆయన తాలూకు చుట్టాలు దిగారు. పూజ చేసి, నలుగురం ఎక్కి నందిగామ వెళ్ళి పెద్దనాన్న ఇంట్లో భోజనం చేసి రావాలని అనుకున్నారు. లేత్ మావయ్య పొద్దున్నే వచ్చి రోటర్ పెట్టి, ఒకసారి స్టార్ట్ చేసి చూసి, ఇంటికెళ్ళి స్నానం చేసి ఇస్త్రీ చొక్కా వేసుకుని తిరిగొచ్చాడు. ఏడాది కష్టం తర్వాత మొదటిసారి అందులో కూర్చోబోతున్నాడు.

పెద్దనాన్న ఆ చొక్కా వంక చూసి, "ఇప్పుడు మా ఆడవాళ్ళు ఎక్కుతున్నారు. నువ్వు ఇంకోసారి ఎప్పుడన్నా ఎక్కుదువుగానిలే" అన్నాడు.

"సరేనండి" అని మావయ్య గేటు దగ్గరికెళ్ళి నిలబడ్డాడు.

మా నాన్న గుడ్డ తీసుకున్నాడు. అప్పటికే తళతళలాడుతున్న అద్దాన్ని మళ్ళీ తుడుస్తూ నిలబడ్డాడు. హైస్కూల్లో ఒకే కేరియర్లో అన్నం తిన్నవాడి కోసం ఒక్క ముక్క మాట్లాడలేకపోయాడు. పెద్దనాన్న అన్న మాటకంటే ఆ తుడవటమే ఈనాటికీ నన్ను రగిలిస్తుంది.

ఇంజన్‌కి బొట్టు పెట్టాలని బానెట్ తెరిచారు. బొట్టు పెట్టమని పసుపు కుంకుమ పళ్ళెం నా చేతికిచ్చారు, నాయనమ్మ నా పక్కనే ఉంది. అందరూ కొబ్బరికాయ దగ్గర మూగి ఉండగా ఆమె లోపలికి వంగి రోటర్ మీది మూత తీసింది, దాన్ని ఊడబెరికింది, మూత పెట్టేసింది, కొంగున ముడేసుకుంది. నా వైపు చూసి నోరు మెదపొద్దని కళ్ళతోనే చెప్పింది.

నేను వెళ్ళి కిటికీ పక్క సీటు పట్టుకున్నాను. ఆ సీటు కోసం ఏడాదిగా కలలు కంటున్నాను మరి. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. నాన్న తాళం తిప్పాడు, ముందువైపు నుంచి హ్యాండిల్ వేసి తిప్పాడు, పెట్రోలు చూశాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. తోద్దామంటే పెద్దనాన్న ఒప్పుకోలేదు, నిమ్మకాయలు బండి తనంతట తనే తొక్కాలట, లేకపోతే అరిష్టమట. అరగంట అయ్యేసరికి అందరికీ చెమటలు కారిపోయాయి. చివరికి నాన్న గేటు దగ్గరికెళ్ళి స్నేహితుణ్ణి పిలుచుకొచ్చాడు.

మావయ్య మూత తీసి చూశాడు. ఆ తర్వాత నాయనమ్మ వంక చూశాడు. నాయనమ్మ కొంగు ముడి విప్పి, రోటర్ని అరచేతిలో పెట్టుకుని కొడుకులిద్దరికీ చూపించింది.

"ముందు సీటు ఈ అబ్బాయిది. ఎక్కించుకుంటామంటే ఇస్తా, లేదంటే మళ్ళీ కోళ్ళకి ఇచ్చేద్దాం" అంది.

పెద్దనాన్న మొహం మాడ్చుకుని పక్కకి జరిగాడు. నాన్న అప్పుడు నోరు తెరిచి, "రారా, ఎక్కు" అన్నాడు.

మావయ్య రోటర్ తీసుకుని పెట్టాడు. బండి ఒక్క తిప్పుకే స్టార్టయింది. బానెట్ మూసి, గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "మీరు వెళ్ళిరండి. నాకు షాపులో పనుంది" అన్నాడు. ఆరోజు ఆదివారం, షాపు ఉండదని మా అందరికీ తెలుసు.

ఆయన గేటు దాటాడు. వీధి మలుపు దాకా కూడా ఎప్పుడూ ఒంటరిగా వెళ్ళని మా నాయనమ్మ, చెప్పులు కూడా వేసుకోకుండా ఆయన వెంట నడిచింది. కారు పక్కగా వెళ్తూ ఒక్కసారి నా వైపు చూసింది. రమ్మనలేదు. నేను కిటికీ హ్యాండిల్ గట్టిగా పట్టుకుని తల తిప్పుకున్నాను. నిమ్మకాయలు చితికాయి, బండి కదిలింది. నందిగామ దాకా మొహానికి గాలి కొడుతూనే ఉంది. ఆ గాలి నాకు బాగుంది కూడా.

మావయ్య మళ్ళీ మా ఇంటికి రాలేదు. మూడు నెలలకి కారు ఆగిపోయింది. బాగుచేసేవాళ్ళు లేక తిరిగి కొట్టంలోకి వెళ్ళింది.

ఇప్పుడు ఏ బండి ఎక్కినా డోరు వెయ్యనివ్వను, బయట ఎవరు నిలబడ్డారో ఒకసారి చూసుకోవాలి. "ఎవర్ని వెతుకుతున్నావు అమ్మమ్మా" అని మా మనవడు విసుక్కుంటాడు. పెద్దనాన్న మీద కోపం ఆయనతోనే పోయింది, నాన్నని కూడా ఎప్పుడో సగం క్షమించాను. సీటు దిగని ఆ పిల్లని మాత్రం ఇంతవరకూ క్షమించలేకపోయాను.