పలకల దిబ్బలో వదిలిన మడమ శూల

మొన్న మా ఇంటావిడ మడమకు ఎక్స్‌రే తీయించాం. డాక్టరు ఆ నల్లటి ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టి, ఎముక కింద చిన్న ముల్లులాంటిది మొలిచిందని, మెత్తటి రబ్బరు చెప్పులు తొడిగితే ఆరు నెలల్లో సర్దుకుంటుందని చెప్పాడు. ఆయన కంటికది ముల్లు కావచ్చు గానీ, నా కంటికి ఒంగోలు గిత్త కొమ్ముకు ఏమాత్రం తీసిపోకుండా కనపడింది. ఆవిడ దుకాణంలో చెప్పులు బేరమాడుతున్నంతసేపూ నేను ఆవిడ మడమకేసే చూస్తూ నిలబడ్డాను. ఆ ముల్లు సంగతి నాకు బాగా ఎరుక.

మా తాలూకా ఇంకా కర్నూలు జిల్లాలో ఉండి, చెన్నపట్నం దొరతనం నడుస్తున్న కాలంలో, నేను మార్కాపురం నుంచి పెద్దారవీడుకు గంటలు కట్టిన బల్లెంతో టపాసంచి మోసే రన్నరును. నా పరుగు చూసి కుందేళ్లన్నీ సిగ్గుపడి తప్పుకునేవంటే కొంచెం ఎక్కువే అవుతుంది. సగం కుందేళ్లు తప్పుకునేవి. అలాంటివాణ్ణి, ఒక ఎండాకాలం పొద్దున మంచం దిగి ఎడమ కాలు నేల మీద పెట్టానో లేదో, మడమలో కాల్చిన మేకు దిగినట్టయి, నేను పెట్టిన కేకకు గిద్దలూరులో గాడిదలు బెదిరాయి. పది అడుగులు వేస్తే కాస్త సర్దుకునేది, కూర్చుని లేస్తే మళ్లీ మొదలు. మా అమ్మ ఆదివారం మిషను గుడిలో నా మడమ కోసం ప్రార్థన పెట్టిస్తే, సంఘమంతా కళ్లు మూసుకోవడం మాని నా కాలికేసి చూసింది. తపాలా ఓవర్సీరు రెండుసార్లు ఆలస్యం సహించి, మూడోసారి, నన్నూ, ఆ ఉద్యోగానికి కాచుకుని ఉన్న మా మేనత్త కొడుకునూ వచ్చే నెల ఒకేసారి పరిగెత్తిస్తాననీ, ముందు చేరినవాడిదే బల్లెమనీ చెప్పేశాడు. మా ఇంట్లో ఏడుగురి కూడు ఆ బల్లెం మీదే ఉడికేది.

బావ సంబరం చెప్పనలవి కాదు. “ఏం బావా, కుంటెద్దును పొదిలి సంతకు ఎప్పుడు తోలేది?” అని కనపడ్డ చోటల్లా పలకరించేవాడు.

చివరికి అమ్మకు తెలియకుండా, పలకల గనుల దగ్గర గుడిసెలో ఉండే ఒక ముసలవ్వ దగ్గరికి పోయాను. వేరే ఊళ్లలో మడమ శూలకు ఇటుక కాలుస్తారు. మా వైపు పలకరాయికి కరువేముంది గనుక, ఆమె పలకనే నిప్పుల మీద కాల్చి, జిల్లేడాకులు పరిచి, నా మడమను వాటి మీద తొక్కిపట్టింది. నా ప్రాణం నల్లమల దాటి పోయి తిరిగొచ్చింది. ఆకులు తీసి చూస్తే పలక మీద నా మడమ గుర్తు తడిగా, నల్లగా పడి ఉంది. అంత కాలిన రాయి మీద ఆ తడి ఎంతసేపటికీ ఆరలేదు. అవ్వ మేకుతో దాని చుట్టూ గీత గీసి, నేను రోజూ టపా మోసే అడ్డదారి పక్కన పనికిరాని పలకలు పోసిన దిబ్బలో బోర్లించింది.

“నొప్పి దీంట్లో ఉండాది నాయనా. నలభై దినాలు ఈ దావన రాబాక. వచ్చినా ఎనక్కి తిరిగి చూడబాక. అది తోడు కోసరం చూస్తా ఉంటాది.”

అప్పటినుంచి నేను గంట ముందే బయలుదేరి, వాగు ఇసుకలో మూడు మైళ్లు చుట్టు తిరిగి పోయేవాణ్ణి. ఇసుక మెత్తదనమో, ఆకుల కాపడమో, లేక ఆమె అన్నట్టు ఆ నొప్పి నిజంగానే అక్కడ ఆగిపోయిందో గానీ, రోజురోజుకూ కాలు తేలికైంది.

పందెం నాటికి నలభై దినాలు నిండలేదు. మిట్టమధ్యాహ్నం, ఆకు కదలని ఎండలో, వాగు దగ్గర దారి చీలే చోట బావ నాకేసి నవ్వి దిబ్బవైపు అడ్డదారి పట్టాడు. చెబుదామని నోరు తెరిచాను. ఏడుగురి కూడు గుర్తొచ్చి మూసుకున్నాను.

నేను పెద్దారవీడు చేరేసరికి ఓవర్సీరు ఒక్కడే చెట్టు కింద కూర్చుని ఉన్నాడు. మూడు మైళ్లు తక్కువ పరిగెత్తవలసిన బావ ఇంకో గంటకు వచ్చాడు. అంత ఎండలో వచ్చినవాడి ఒంటి మీద చెమట చుక్క లేదు. ఎడమ మడమ నేలకు ఆనించడం లేదు.

“దిబ్బ కాడ ఎనక పలకలు ఖణఖణమన్నాయి బావా. ఎవురో కుంటుకుంటా వచ్చినారు. తిరిగి చూసినా.”

“ఎవురు?” అన్నాను.

“నువ్వే. నన్ను చూసి నవ్వినావు.”

నేను గోరంతను కొండంత చేసేవాణ్ణని అందరికీ తెలుసు గనుక, ఈ ఒక్క చోట అంగుళం కూడా పెంచలేదంటే ఎవరూ నమ్మరు. బల్లెం నాకే దక్కింది. బావను అవ్వ దగ్గరికి తీసుకుపోదామని ధైర్యం చేసుకునేసరికి ఆ గుడిసె ఖాళీ అయింది. అతను ఆ కాలితో మళ్లీ పరిగెత్తలేదు, గుమ్మంలో కూర్చుని బీడీలు చుట్టి బతికాడు. పలక సంగతి నేను చెప్పలేదు, అతను అడగలేదు. కాకపోతే పెళ్లికైనా చావుకైనా కలిసి పోవలసి వస్తే నా పక్కనే నడిచాడు గానీ, ఒక్కనాడూ నన్ను తన వెనక నడవనివ్వలేదు.

ఇప్పుడా దిబ్బను కంకర కొట్టి రోడ్డు కింద పరిచారు. టపా బస్సులో పోతుంది, మనుషులూ బస్సులోనే పోతారు, ఏ ఊరి దారి మీదా కాలి గుర్తు మిగలడం లేదు. ఆనాడు పక్కపక్కన నడుస్తూ ఎన్ని కోసుల దూరం, ఎన్ని కబుర్లు చెప్పుకున్నామో. ఆ ఒక్క మాటకు మాత్రం అంత దారీ చాలలేదు. ఇన్నేళ్లకు చెప్పే ధైర్యం వచ్చింది గానీ, పక్కన నడవడానికి బావ లేడు.