పేమా టీచర్ గోడ మీది కొండలు

ఎదురింటి గేటుకు ఇవాళ ఎర్ర రంగు వేస్తున్నారు. ఆ టర్పెంటైన్ ఘాటు వరండాలోకి రాగానే కాఫీ తాగడం మరిచిపోయి, పేమా టీచర్ని తలుచుకుంటూ కూర్చుండిపోయాను.

తొంభైల మొదట్లో మావారి ఉద్యోగరీత్యా ఒమాన్‌లోని ఖబూరాలో ఉండేవాళ్ళం. అక్కడ ఒక అద్దె ఇంట్లో నడిచే చిన్న ఇండియన్ స్కూల్లో నేను రెండో తరగతికి చెప్పేదాన్ని. సైన్సు చెప్పే పేమాది సిక్కిం. స్కూలు వరండా పొడవునా ఉన్న ఖాళీ గోడ మీద ఆవిడ తన ఊరి కొండలు వేసింది. పైన మంచు, దాని కింద చెట్లనిండా విరగబూసిన ఎర్రటి గురాస్ పూలు, వాగు మీద తూనీగలు, అన్నిటికన్నా దిగువన ఒక నిమ్మచెట్టు, దాని మీద నలుపూ పసుపూ కలిసిన సీతాకోకచిలుక. మంచు అంటే ఫ్రిజ్‌లో పేరుకునేదే అనుకునే నా తరగతి పిల్లలు ఆ సీతాకోకచిలుక దగ్గర ఆగిపోయారు. ఖబూరాలో ఎటు చూసినా నిమ్మతోటలే మరి. ఇది మా తోటలోనూ ఉందని ఒక పాప అంటే, పేమా హిందీలో చెప్పింది. "అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. దాన్ని వీసా అడిగేవాళ్ళు లేరు."

మేనేజరుకి అది నచ్చలేదు. ఎవరో పెద్దలు స్కూలు చూడటానికి వస్తున్నారని, శుక్రవారం సెలవు చూసి గోడకి సున్నం కొట్టించాడు. శనివారం పొద్దున తెల్లగోడ ముందు పిల్లలు ఏడుపు మొహాలు పెట్టారు. పేమా ఇంటర్వెల్‌లో బ్రష్షు తీసింది. కొండలు మళ్ళీ లేచాయి. సున్నం మళ్ళీ పడింది. ఆవిడ మళ్ళీ మొదలుపెట్టింది, ఈసారి పిల్లల చేతికీ బ్రష్షులిచ్చి.

మేనేజరు స్టాఫ్ రూములో అందరి ముందూ ఆవిడని క్షమాపణ రాసిమ్మన్నాడు. లేకపోతే కాంట్రాక్టు పొడిగించనన్నాడు. కాంట్రాక్టు పోతే వీసా పోయినట్టే. పేమా లేచి నిలబడింది.

"అది మీ గోడ, సార్. సున్నం వేయించుకోండి. తప్పు చేశానని మాత్రం రాయను."

వేసవి సెలవులకు ముందే ఆవిడని పంపేశారు. వెళ్ళేరోజు మా ఇంటికొచ్చి మిగిలిన రంగు డబ్బాలు గుమ్మంలో పెట్టింది. నాకు బొమ్మలు వేయడం రాదన్నాను. "వచ్చి తీరాలని ఎవరన్నారు?" అని నవ్వి కారెక్కింది.

ఆ గొడవ నీకెందుకని మావారు ఎంత చెప్పినా, స్కూలు తెరిచాక ఆ రంగు డబ్బాలతో, నా తరగతి పిల్లల్ని వెంటేసుకుని, సెలవుల్లో మళ్ళీ సున్నం పడిన ఆ గోడ దగ్గరికి వెళ్ళాను. నేను వేసిన కొండలు బోర్లించిన గిన్నెల్లా వచ్చాయి. తూనీగకి నాలుగు రెక్కలుంటాయని పిల్లలే గుర్తుచేశారు. మేనేజరు వచ్చి, ఎవరినడిగి వేస్తున్నారన్నాడు. నేను బ్రష్షు దించకుండానే చెప్పాను.

"ఎవరినీ అడగలేదు సార్. మీరు సున్నం వేయించండి. మేం మళ్ళీ వేస్తాం."

నా వెనక పిల్లలంతా బ్రష్షులు పట్టుకుని నిలబడ్డారు. ఆయన వెనక్కి తిరిగి తన గదిలోకి వెళ్ళిపోయాడు. మేం ఖబూరా వదిలేదాకా ఆ గోడకి మళ్ళీ సున్నం పడలేదు.

పేమా నుంచి తర్వాత కబురు లేదు. ఆవిడ ఊరి అసలు కొండలు నేను ఇంతవరకూ చూడలేదు. ఇండియా వచ్చాక చేసిన ఉద్యోగాల్లో, చేయని తప్పుకు నాచేత సంతకం పెట్టించాలని చూసినవాళ్ళు చాలామందే తగిలారు. ఒక్కరికీ పెట్టలేదు.