ఖాళీ బండికి కట్టిన కొలత

2022 మే నెల. సామర్లకోటలో, పెద్దాపురం వెళ్ళే రోడ్డు పక్కన నా షెడ్డు. లారీలకీ, వ్యాన్లకీ, పాత జీపులకీ కమాన్ కట్టలు బాగుచేయడం నా పని. ఇనప పట్టీలను ఒకదాని కింద ఒకటి పేర్చి, మధ్యలో బోల్టు బిగించి, చక్రాల ఇరుసు మీద కట్టేదే కమాన్ కట్ట. బండి బరువంతా మోసేది అదే. మా నాన్న ముప్పై ఏళ్ళు ఈ పని చేశాడు, నేను పాతికేళ్ళుగా చేస్తున్నాను. పని తెలిసినవాణ్ణన్న పొగరు నాకు కాస్త ఎక్కువేనని మా ఆవిడ అంటుంది. కాదనలేను. ఈ సంగతంతా ఆ పొగరు గురించే.

ఒక రోజు ఉదయం ట్రాక్టరు వెనక తాడు కట్టి ఒక నీలం రంగు పాత పికప్‌ను లాక్కొచ్చారు. అరవై ఏళ్ళ నాటి బండి. గుండ్రటి మడ్‌గార్డులు, వెనక చెక్క పలకల తొట్టి, తొట్టిలో అటూ ఇటూ రెండు బల్లలు. దాంతోపాటు వచ్చినావిడ సుగుణమ్మ గారు, కాలవ గట్టు మీది ఊళ్ళో టీచరుగా చేసి రిటైరైన మనిషి. బండి వాళ్ళ చర్చిది. ఆవిడ భర్త దేవదానం మాస్టారు బళ్ళో పాఠాలు చెప్పుకుంటూనే నలభై ఏళ్ళు ఆ బండి తోలారు. సంఘంలో ఎవరు పోయినా, ఇంటి దగ్గర్నుంచి సమాధుల తోట దాకా పెట్టెను ఆయనే తీసుకెళ్ళేవారట.

“ఇప్పుడు ఆయనకే బాగోలేదండి,” అన్నారావిడ. “ఇంక ఇంటికి తీసుకెళ్ళిపోండి అన్నారు కాకినాడ ఆస్పత్రిలో. నన్నూ ఈ బండి మీదే తీసుకెళ్ళాలి అంటున్నారు. ఇంజను బాగుచేయించాం గానీ, వెనక కూలబడిపోయిందండి. ఇదిగో, ఈ ఫోటోలో ఉన్నట్టే నిలబడాలంట. మరీ మరీ చెప్పి పంపించారు.”

ఫోటోలో ఖాళీ బండి చర్చి ముందు నిలబడి ఉంది. నేల నుంచి బండి ఎంత ఎత్తులో ఉందనేదాన్ని మేము రైడ్ హైట్ అంటాము. ముందూ వెనకా కలిపి అది నిలబడే తీరు స్టాన్స్. ఆ ఫోటోలో రెండూ నాకు నచ్చలేదు. ముందుకన్నా వెనక నాలుగు వేళ్ళు ఎత్తుగా ఉంది.

“ఇదేంటండీ, కోడి తోక లేపినట్టు? ఎవరో పని రానివాళ్ళు కట్టారు. నేను సమంగా నిలబెడతాను చూడండి.”

“ఆయన మరి ఇలాగే ఉండాలన్నారండి...”

“మాస్టారిని పాఠాలు చెప్పమనండి. కమాన్లు నాకొదిలేయండి.”

ఈ మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆవిడ “మీకు తెలుసు కదండి” అని మాత్రం అని, ఫోటో నా బల్ల మీదే పెట్టి వెళ్ళిపోయారు.

కట్టలు విప్పాను. కుడి పక్క మెయిన్ లీఫ్, అంటే అన్నిటికన్నా పైనుండే పొడవాటి పట్టీ, విరిగిపోయి ఉంది. మిగతావి వంపు పోయి చదునైపోయాయి. పైగా రెండు పక్కలా కంపెనీ లెక్కకన్నా ఒక్కో పట్టీ ఎక్కువుంది. వేరే ఏదో బండిది కోసి పెట్టారు. “చూశావా, నేను చెప్పలా!” అని నాకు నేనే అనుకుని ఆ రెండూ తీసి పాత ఇనుములో పారేశాను. కొత్త మెయిన్ లీఫులు వేశాను, మిగతా పట్టీలకు సుత్తితో కొట్టి కొట్టి వంపు తెచ్చాను. నాలుగో రోజుకి బండి నిలబడింది. తొట్టిలో రసమట్టం పెడితే బుడగ గీతల మధ్య కదలకుండా ఆగింది. నా పని చూసి నేనే మురిసిపోయాను.

ఆస్పత్రి నుంచి ఊరికి వెళ్తూ వాళ్ళిద్దరూ షెడ్డు దగ్గర ఆగారు. మాస్టారిని ఆటోలోంచి దింపి కుర్చీలో కూర్చోబెట్టాము. మనిషి పుల్లలా అయిపోయారు, చూపు మాత్రం చురుగ్గా ఉంది. బండిని అటు నుంచి ఇటు దాకా చూశారు.

“పని శుభ్రంగా ఉంది వీర్రాజు గారూ. కొలత ఖాళీ బండికి కట్టారా, బరువున్న బండికా?”

షాకిల్ బోల్టులు, అంటే కట్ట చివర్లని ఛాసిస్‌కి పట్టి ఉంచేవి, బండికి బరువు ఎక్కించాకే ఆఖరి బిగింపు బిగించాలని మా నాన్న నాకు నేర్పిన మొదటి పాఠం. లారీకైతే ఎన్ని టన్నులు ఎక్కిస్తారని అడగనిదే పానా పట్టుకోను. దీన్ని మాత్రం పాత బండి కదా, చూడ్డానికి బాగుంటే చాలనుకున్నాను. ఆ మాటే చెప్పాను ఆయనతో.

ఆయన కోప్పడలేదు. ఆగి ఆగి చెప్పారు. “నేను తోలడం మొదలెట్టిన కొత్తల్లో ఒక చంటిపిల్ల పోయిందండి. చిన్న పెట్టె. ఇంటివాళ్ళు బల్లల మీద కూర్చునేసరికి బండి వెనక్కి దిగింది. గట్టు ఎక్కుతుంటే పెట్టె జారిపోయింది. ఆ తల్లి ఏడుపు ఆపేసి, రెండు చేతులతో దాన్ని పట్టుకుని కూర్చుంది దారంతా. పెట్టె మీద చెయ్యి వేసుకుని ఏడవనివ్వాలండి మనుషుల్ని. జారకుండా ఆపుకునే పని వాళ్ళకి పెట్టకూడదు.”

ఆ తర్వాతే ఆయన ఆ రెండు పట్టీలూ వేయించారట. పెట్టె, ఆరుగురు మనుషులు ఎక్కాక సమంగా నిలబడేలా. నేను తోక అన్నది అదన్నమాట.

పాత ఇనుములో వెతికి ఆ పట్టీలు బయటికి తీశాను. ఈసారి వాళ్ళిద్దరూ అక్కడుండగానే వెనక కట్టలు ఫోటో ప్రకారమే కట్టి, బోల్టులు బిగించకుండా వదిలేసి, మనిషికి అరవై కేజీల చొప్పున ఇసక బస్తాలు ఎక్కించడం మొదలెట్టాను. బల్లల మీద అయిదు పెట్టేసరికి సుగుణమ్మ గారు చెప్పులు విప్పి తొట్టి దగ్గరికి వచ్చారు.

“ఆరో బస్తా వద్దండి. నేనెక్కుతాను. ఎలాగూ కూర్చునేది నేనే కదా.”

నేను స్టూలు వేస్తే ఎక్కి, బల్ల చివర కూర్చున్నారు. మధ్యలో, పెట్టె ఉండే చోట, చెక్కల బరువుకి ఒక చిన్న బస్తా, మనిషి బరువుకి ఒక పెద్ద బస్తా పెట్టాను.

“ఆ పెద్దదాంట్లో ఎంతుంది?” అని అడిగారు మాస్టారు.

“అరవై అండి.”

“నేనంత లేనండి ఇప్పుడు. మొన్న ఆస్పత్రిలో తూచారు. నలభై రెండు. తీసేయండి కాస్త.”

అయ్యో, ఏం చెయ్యను! వద్దండీ మాస్టారూ అనబోయాను. ఆయన చూపు చూసి, బస్తా మూతి విప్పి చేట్లోకి ఇసక తోడాను. పైన సుగుణమ్మ గారు ఆ బస్తా మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నారు. ఆవిడ కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. మాస్టారు ఆవిడ వంకే చూస్తూ, “భయపడకు సుగుణా. వీర్రాజు గారు బాగా కడుతున్నారు” అన్నారు. రసమట్టం పెట్టి చూశాను. వెంట్రుకవాసి తేడా ఉంటే ఒక పక్క పల్చటి రేకు వేసి సరిచేశాను. ఆ బరువు మీదే, ఆవిడ పైనుండగానే, బోల్టులు ఆఖరి బిగింపు బిగించాను.

పదకొండు రోజులకి కబురొచ్చింది. బండి మీరే తోలాలని ఆయన చెప్పి వెళ్ళారన్నారు. వెళ్ళాను. ప్రార్థన అయ్యాక పెట్టెను తొట్టిలోకి ఎక్కించారు. వెంటనే పది పన్నెండు మంది బల్లల మీదికి ఎక్కబోయారు. అందరూ ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళే.

“ఆరుగురేనండీ! మిగతావాళ్ళు దిగండి, నడిచి రండి!” అని అరిచేశాను. చావింట్లో అలా అరవడమేంటని అందరూ నా వైపు చూశారు. పాస్టరు గారు నెమ్మదిగా, “మాస్టారు కూడా ఇలాగే అరిచేవారు” అన్నారు. జనం దిగారు.

గట్టు ఎక్కేచోట మొదటి గేరులో పోనిచ్చాను. క్యాబిన్ వెనక చిన్న కిటికీ ఉంది. ముందున్న అద్దంలో చూస్తే అందులోంచి తొట్టి కనిపిస్తుంది. నా కళ్ళు దారి మీద సగం, అద్దంలో సగం. పెట్టె వేలెడు కూడా జరగలేదు. సుగుణమ్మ గారి కుడి చెయ్యి దాని మీద ఊరికే ఆనించి ఉంది. ఎడమ చేత్తో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆవిడ గట్టిగా ఏడుస్తున్నారు. దారంతా ఏడ్చారు. అద్దంలో నాకు బాగా కనిపించింది.

సమాధుల తోట దగ్గర దిగాక నా దగ్గరికి వచ్చి ఒక్క మాటే అన్నారు. “ఆయన కదల్లేదండి.”

ఆ తర్వాత పాత బళ్ళు చాలా వచ్చాయి నా దగ్గరికి. ఫోన్లో బొమ్మలు చూపించి, ఇంత ఎత్తు కావాలి, ఇలా నిలబడాలి అంటారు. నిలబెడతాను, దానికేం. కానీ పానా పట్టుకునే ముందు అందర్నీ ఒకటే అడుగుతాను, ఇందులో ఎక్కేదెవరండీ అని. ఆ మాట సుగుణమ్మ గారు ఫోటో తెచ్చిన రోజే అడగాల్సింది.