మావారి చెక్క ముఖాలు

ఈమధ్య మా మరిది కొడుకు తిరుపతి బైపాస్ దగ్గర కొత్త ఫ్లాటులో గృహప్రవేశం చేసుకుంటే వెళ్ళాను. హాల్లో సోఫా వెనక గోడకు ఆఫ్రికా చెక్క ముఖాలు వేలాడుతున్నాయి. ఆన్‌లైన్‌లో తెప్పించారట, వచ్చినవాళ్ళంతా వాటి ముందు నిలబడి ఫొటోలు దిగుతున్నారు. మా మరిది మాత్రం నా వైపు ఒకసారి చూసి, వడ్డన సంగతి కనుక్కునే నెపంతో లోపలికి వెళ్ళిపోయాడు.

మన కాలంలో పాఠాలు చెప్పడానికి నైజీరియా వెళ్ళినవాళ్ళు చాలామందే ఉండేవారు కదా, పెళ్ళైన కొత్తలో మేమూ అలాగే వెళ్ళాం. మావారు లెక్కల మాస్టారు. కూరగాయలకని సంతకు వెళ్ళి, ఒక మూలన బొమ్మలు చెక్కే ముసలాయన దగ్గర కూలబడి, ఆయన భాష మాకు రాకపోయినా, మా ఇంగ్లీషు ఆయనకు అందకపోయినా, పొద్దుపోయేదాకా నవ్వుకుంటూ బేరమాడి, టమాటాలు మరిచిపోయి చెక్క ముఖంతో ఇల్లు చేరేవాళ్ళం. బుగ్గల మీద గాట్లున్న ఆడముఖం, నెత్తిన పిట్ట కూర్చున్న ముఖం, కళ్ళు మూసుకుని ఏదో వింటున్నట్టుండే ముఖం. మావారు మేకు కొట్టి, వెనక్కి నడిచి చూసుకుని, నచ్చక పీకి, జానెడు పక్కన మళ్ళీ కొట్టేవారు. అద్దె ఇల్లు మాదైపోయింది అప్పుడే.

తిరుపతికి తిరిగొచ్చేటప్పుడు వాటిని నా చీరల్లో చుట్టి తెచ్చుకున్నాం. కొండకు పోతూ మా ఇంట్లో దిగే చుట్టాలు వాటిని చూసి జడుసుకునేవారు గానీ మా అత్తగారు మాత్రం, “మన గంగమ్మ మాదిరే ఉండాది గదమ్మా!” అని ఆ ఆడముఖానికి బొట్టు పెట్టింది. ఆమె ఉన్నన్నాళ్ళూ ఎవరూ నోరెత్తలేదు.

ఆమె పోయిన కొన్నాళ్ళకు మావారికి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. చిత్తూరులో ఉన్న మా మరిది పనులన్నీ మానుకుని వచ్చి, అన్నను చంటిబిడ్డలా ఎత్తి కూర్చోబెట్టడం, ఒళ్ళు తుడవడం అన్నీ తానే చూసుకున్నాడు. ఆస్పత్రి నుంచి మావారిని ఇంటికి తీసుకొచ్చిన రోజు హాల్లో గోడ బోసిగా ఉంది.

“ఆ మొగాలు ఇంట్లో ఉండబట్టే అన్నకు ఇట్లైందని అందురూ అంటా ఉండారు వదినా. స్వర్ణముఖి ఏట్లో ఏసేసి వచ్చినాను,” అన్నాడు మరిది, కళ్ళనీళ్ళు పెట్టుకుని.

అతణ్ణి కోప్పడి పంపేయలేను. మంచం మీంచి మావారిని లేపడానికి నాకున్నవి అతని రెండు చేతులే. మావారు గోడ వైపు చూసి, నా వైపు చూసి, ఎడమ చెయ్యి కొంచెం లేపారు. రంగులు వేయిద్దామని తీయించానని అబద్ధం చెప్పాను. నమ్మారో లేదో తెలియదు. పోయేదాకా ఆ మేకుల వైపే చూసేవారు.

ఇప్పుడు ఆ ముఖాలంటే ఎవరికీ భయం లేదు. అవి ఇంటికి అందమట, వాటిని పెట్టుకున్నవాళ్ళది మంచి అభిరుచట. మావారికి ఆ జబ్బేదో ఇన్నాళ్ళు ఆగి ఇప్పుడొచ్చి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది. కట్టుకున్నవాడి జబ్బు గురించి ఇలా అనుకునే ఆడదాన్ని ఏమంటారో నాకు తెలియదు.