గార్డు మందారానికి తుప్పు తెగులు

ఆరేళ్ల కిందట, వానాకాలం మొదట్లో, మా ఉద్యాన కార్యాలయం నన్ను కాజీపేటకు పంపింది. నా హోదా రెండో గ్రేడు ఫొటోగ్రాఫర్. నా పైన పదకొండు మంది అధికారులు, కింద ఒక ట్రైపాడ్. రైల్వే గార్డుగా రిటైరైన రాజమౌళి పెంచిన రెండు రంగుల ముద్దమందారాన్ని క్యాటలాగ్ కోసం దగ్గరి నుంచి తీయాలి. అందులో ఒక్క పేజీ కోసం ఆయన మూడేళ్లుగా అర్జీలు పెడుతున్నాడు. గడువు ఆ సాయంత్రమే. చెట్టుకున్నది ఒకే పువ్వు, దాని ఆయుష్షు ఒకే పగలు.

మాక్రో లెన్స్‌లో ఫోకస్ బియ్యపు గింజంత మందమే ఉంటుంది. చీమ తుమ్మినా పువ్వు మసకబారుతుంది. అందుకని రాజమౌళి తన పాత జెండాలు తీశాడు. గాలి వీస్తే ఎరుపు, ఆగితే పచ్చ. ఎరుపుకు వీధిలో రెండు ఆటోలు, ఒక బర్రె కూడా ఆగాయి.

గంటన్నర ఎరుపే. నేను బ్యాటరీ మార్చుకుంటున్నాను, ఆయన ఆకాశం చూస్తున్నాడు. సరిగ్గా అప్పుడే పక్కింటి యాదమ్మ గోడ మీదుగా కొంకి కట్టె చాపి, రోజూలాగే పూజకు పువ్వు తెంపుకుపోయింది.

"ఎంత పని జేస్తివక్కా! మూడేండ్ల సంది ఎదురుజూస్తున్న!"

"దేవునికి పెట్టిన పువ్వు మళ్ల ఎట్లిస్త తమ్మీ? రేపు పొద్దుగాల తీస్కపో."

"రేపటికి అది దీపం వత్తి లెక్క అయితది!"

"గట్లయితే ఫొటువ గాడనే తీస్కోండ్రి. జర కాళ్లు గడుక్కోని రాండ్రి."

కాళ్లు కడుక్కున్నాం. యాదమ్మ లెన్స్‌కు కూడా బొట్టు పెట్టబోతే చేతులెత్తి మొక్కి ఆపాను. పూజగదిలో గాలి లేదు. అయినా రాజమౌళి గడపలో నిలబడి పద్ధతి ప్రకారం పచ్చ జెండా ఊపాడు. రేకుల మీద కుంకుమ రవ్వలు బండరాళ్లంత స్పష్టంగా వచ్చాయి. ఫారంలో 'ఫొటో తీసిన చోటు' అనే గడి ఉంది. పూజగది అని రాయడానికి మొహమాటపడి ఖాళీగా వదిలేశాను.

వారానికి, ఆ ఫొటో చూసిన తెగుళ్ల విభాగం నుంచి ఉత్తర్వు వచ్చింది: రేకులపై తుప్పు తెగులు, మొక్కను పీకి కాల్చవలెను.

రాజమౌళి ఎర్ర జెండా పట్టుకుని మొక్కకు అడ్డంగా నిలబడ్డాడు. యాదమ్మ అంతటితో ఆగలేదు. కుంకుమ భరిణె పట్టుకుని మాతో ఆఫీసుకు వచ్చి, తెగుళ్ల అధికారి నుదుట ఇంత బొట్టు పెట్టింది.

"గిదే సారూ ఆ రోగం. ఇప్పుడు మీకు గూడ అంటింది. మిమ్ముల గూడ కాలుస్తరా?"

ఉత్తర్వు రద్దయింది. మందారం కుంకుమతోనే అచ్చయింది; కింద 'మూడు రంగులు' అని వేశారు. రాజమౌళి అభ్యంతరం చెప్పలేదు.

ఆ తర్వాత స్వచ్ఛంద విరమణ తీసుకునేదాకా నేను ఏ ఫారంలోనూ ఆ గడిని ఖాళీగా వదల్లేదు. ట్రైపాడ్ నిలబెట్టే ముందు, పక్కింట్లో పూజ ఎన్నింటికో కనుక్కునేవాణ్ణి.